కర్త లేని వాక్యం: ‘కౌలు’ కథ రాస్తున్నప్పటి డైరీ

1వ రోజు

జీవసాంకేతికత అదుపు తప్పిన కాలంలో మనిషి ఒంటిని ఎవరు ఎలా వాడుకుంటారన్న విషయం మీద ఒక చిన్న కథ రాయడం ఈ ప్రాజెక్టు. నిడివి మూడు వేల మాటలకు మించకూడదు, ఆరు వారాల్లో పూర్తి కావాలి. ఇదే విషయం మీద ఇంతకుముందు రాసి పక్కన పడేసిన చిత్తుప్రతులు నా దగ్గర నాలుగు ఉన్నాయి. నాలుగింటిలోనూ ఒక మతిచెడిన శాస్త్రవేత్త ఉన్నాడు, నాలుగింటిలోనూ చివరికి ప్రయోగశాల తగలబడుతుంది. ఇవాళ వాటిని వరుసగా చదివితే భయం వేయలేదు సరికదా, ఆ శాస్త్రవేత్త మీద కొంచెం జాలి కలిగింది. పాపం, కథలో జరగవలసిన చెడ్డపనులన్నీ అతనొక్కడే చేయవలసి వచ్చింది.

అందుకని ఈసారి మొదలుపెట్టే ముందే రెండు నియమాలు రాసి బల్ల ఎదురుగా గోడకు అంటించుకున్నాను. కథలో కల్పిత సాంకేతికత ఒక్కటే ఉండాలి, తక్కినవన్నీ ఇప్పటికే లోకంలో ఎక్కడో ఒకచోట జరిగినవై ఉండాలి. ప్రతినాయకుడు ఉండకూడదు.

పేరు మాత్రం అనుకోకుండా తొలిరోజే దొరికింది. ‘రోబో’ అనగానే మనకు ఇనుప మనిషి గుర్తుకు వస్తాడు కానీ, ఆ మాటను 1920 నాటి తన నాటకంలో లోకానికి పరిచయం చేసిన చెక్ రచయిత కారెల్ చాపెక్ ఊహించిన రోబోల ఒంట్లో ఇనుము లేదు. కృత్రిమ జీవపదార్థాన్ని తొట్లలో కలిపి, నూలు వడికినట్టు నరాలు వడికి వాటిని తయారుచేస్తారు. చెక్ భాషలో ‘రోబోత’ అంటే భూమికి కట్టుబడిన రైతు తన దొరకు చేసి తీరవలసిన పని. తెలుగులో దానికి వేరే వివరణ అక్కర్లేదు, వెట్టి అంటే చాలు. ఆ కృత్రిమ జీవికి పేరు ప్రయోగశాలలో దొరకలేదు, దొర పొలంలో దొరికింది. నా కథకు కూడా పేరు అక్కడి నుంచే తెచ్చుకున్నాను: ‘కౌలు’.

3వ రోజు

రెండు రోజులూ చదువుతోనే గడిచాయి. ఈ విషయం మీద రాయబోయేవారెవరైనా హెన్రియెట్టా లాక్స్ దగ్గర ఆగక తప్పదు. 1951లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో ఆమె గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు చికిత్స పొందుతున్నప్పుడు, ఆమెకు చెప్పకుండా కణితి నుంచి తీసిన కణాలు ప్రయోగశాలలో ఆగకుండా విభజన చెందుతూ పోయాయి. అదే ఏడాది అక్టోబరు 4న, 31 ఏళ్ల వయసులో ఆమె మరణించింది. కణాలు ప్రపంచమంతటా ప్రయోగశాలలకు చేరాయి, తరువాత అమ్మకానికి కూడా వచ్చాయి. కుటుంబానికి ఆ సంగతి తెలిసేసరికి ఇరవై ఏళ్లు దాటిపోయింది.

ఈ చరిత్ర అంతా ఒక ఎత్తు, సీసా మీది చీటీ ఒక ఎత్తు. ‘హీలా’ (HeLa) అన్నది ఇంగ్లీషులో ఆమె పేరులోని మొదటి రెండు అక్షరాలను, ఇంటిపేరులోని మొదటి రెండు అక్షరాలను కలిపి కట్టిన పేరు. ఇటువంటి కథల్లో మనిషి పేరు తీసేసి అంకె తగిలించడం అరిగిపోయిన ఉపాయం, నేను కూడా రెండుసార్లు వాడాను. నిజంగా జరిగింది అంతకంటె మామూలుగా ఉంది, అందువల్లనే అంతకంటె దారుణంగా ఉంది: పేరును ఎవరూ చెరిపేయలేదు, చీటీలో పట్టేంతకు కత్తిరించారు. నా కథానాయికకు సరోజ అని పేరు పెట్టాను. ఆమె ఒంటి నుంచి వచ్చే మందు పేరు ‘సరో’.

జాన్ మూర్ సంగతి నాకు ఇంకా ఎక్కువగా పనికివచ్చింది. లుకేమియాతో బాధపడుతున్న ఆయనకు 1976లో లాస్ ఏంజెలెస్‌లోని విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో ప్లీహం తొలగించారు. ఆ తరువాత ఏడేళ్ల పాటు ఆయన సియాటిల్ నుంచి అక్కడికి పరీక్షల కోసమని వెళ్లి రక్తం, మజ్జ నమూనాలు ఇచ్చి వస్తూ ఉండేవాడు. అవి తన ఆరోగ్యం కోసమే అనుకున్నాడు. వాటితో తయారైన సెల్ లైన్‌కు, అంటే ప్రయోగశాలలో ఆగకుండా పెరుగుతూ పోయే కణాల వరుసకు, 1984లో పేటెంట్ మంజూరైంది. 1990లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు సారాంశం ఏమిటంటే, వైద్యుడు తన ఆర్థిక ప్రయోజనాన్ని రోగికి ముందే చెప్పవలసింది కాబట్టి ఆ విషయంలో దావా చెల్లుతుంది, కానీ ఒంటి నుంచి వేరుపడిన కణాల మీద రోగికి ఆస్తిహక్కు ఉన్నట్టుగా దావా వేయడం చెల్లదు.

1983లో ఆయన చేతికి ఇచ్చిన అంగీకార పత్రంలో ఒక వాక్యం ఉంది. తన రక్తం, మజ్జల నుంచి రాబోయే దేనిమీదనైనా హక్కులన్నీ విశ్వవిద్యాలయానికి ‘ఇస్తున్నాను’, ‘ఇవ్వడం లేదు’ అన్న రెండు మాటల్లో ఒకదాని చుట్టూ సున్నా చుట్టాలి. మొదటిసారి గొడవెందుకని మూర్ ‘ఇస్తున్నాను’ చుట్టూ చుట్టాడు. తరువాతి సారి ‘ఇవ్వడం లేదు’ చుట్టూ చుట్టాడు. అప్పటి నుంచి ఆయనకు ఫోన్లు మొదలయ్యాయి, పొరపాటున తప్పు మాట చుట్టూ చుట్టారేమో సరిచేసి పంపండి అని. ఒక జీవితం మొత్తం చేత్తో గీసిన సున్నా మీద ఆగిన ఈ దృశ్యం ముందు నా నాలుగు అగ్నిప్రమాదాలూ తేలిపోయాయి.

6వ రోజు

కల్పిత సాంకేతికత ఏదై ఉండాలన్నది ఇవాళ తేల్చుకున్నాను. అవయవాల కోసం పెంచే మనుషులు, నకలు మనుషులు అన్నవి ఇప్పటికే చాలామంది చేతుల్లో నలిగాయి. నాకు కావలసింది కోసి తీసుకెళ్లేది కాదు, మళ్లీ మళ్లీ పితుక్కునేది. పని వారానికి రెండుసార్లు జరగాలి, మిగతా రోజుల్లో మనిషి మామూలుగా తిరగగలగాలి. అప్పుడు ప్లాస్మా గుర్తుకు వచ్చింది.

ప్లాస్మా సేకరణలో రక్తం ఒక చేతి నుంచి యంత్రంలోకి వెళ్తుంది, యంత్రం దాన్ని గిరగిర తిప్పి లేత పసుపు రంగు ద్రవాన్ని వేరుచేస్తుంది, ఎర్ర కణాలను తిరిగి అదే చేతిలోకి పంపుతుంది. అమెరికాలో డబ్బు తీసుకుని ప్లాస్మా ఇచ్చేవారు ఏడు రోజుల్లో రెండుసార్లు ఇవ్వడానికి నిబంధనలు అనుమతిస్తాయి. రక్తం గడ్డకట్టకుండా యంత్రంలో కలిపే సిట్రేట్ కొంత ఒంట్లోకి కూడా వెళ్తుంది. అది రక్తంలోని కాల్షియాన్ని పట్టుకోవడం వల్ల పెదవుల చుట్టూ, వేళ్ల కొసల్లో తిమ్మిరి పుడుతుంది. గొట్టాల్లో తిరిగి చల్లబడిన రక్తం వెనక్కి వచ్చేటప్పుడు మోచేతి మడత దగ్గర మొదలైన చలి భుజం దాకా పాకుతుంది.

ఈ చలి నాకు కథలో కావాలి. తిమ్మిరి కూడా కావాలి. భయంకరమైనదేదీ జరగకపోయినా ఒళ్లు తన లెక్క తాను చెప్పుకునే గుర్తులు ఇవి.

కల్పన ఇంతే: సరోజ ఎముక మజ్జలోని మూల కణాలను బయటికి తీసి, జన్యు సవరణ చేసి, తిరిగి ఎక్కిస్తారు. వాటి నుంచి పుట్టే రోగనిరోధక కణాలు ఒక ఖరీదైన మందును ఆమె రక్తంలోకి నిరంతరం విడుదల చేస్తుంటాయి. కర్మాగారంలో ఉక్కు తొట్టి చేసే పనిని ఒక మనిషి ఒళ్లు చేస్తుంది, వేడి, ఆహారం, శుభ్రత అన్నీ తానే చూసుకుంటుంది. ఇందులో అసాధ్యమైనది పెద్దగా లేదు. మజ్జ కణాలను బయట సవరించి తిరిగి ఎక్కించే చికిత్సకు సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తవ్యాధి విషయంలో 2023లోనే బ్రిటన్, అమెరికా నియంత్రణ సంస్థలు ఆమోదం తెలిపాయి. అది రోగి కోసం చేసే చికిత్స, ప్రాణాలు నిలబెడుతుంది. నా కథలో అదే పద్ధతి ఆరోగ్యవంతురాలైన మనిషిని పొలంగా మారుస్తుంది. సాంకేతికతను తిట్టకుండా దాని దిశను మాత్రం మార్చడం ఈ కథకు అవసరం.

12వ రోజు

మొదటి చిత్తుప్రతి నాలుగు వేల ఒక వంద మాటల్లో పూర్తయింది, ఇవాళ ఉదయం మొత్తం కొట్టివేశాను.

నియమం పెట్టుకున్నా ప్రతినాయకుడు దొడ్డిదారిన వచ్చాడు. ఈసారి శాస్త్రవేత్త వేషంలో కాకుండా సేకరణ కేంద్రం మేనేజరుగా వచ్చి, మూడో పేజీలో సరోజను చూసి నవ్వాడు. ఆ నవ్వు ఎందుకు రాశానో నాకే తెలియదు. అతను నవ్విన క్షణం నుంచి కథ అతని దుర్మార్గం గురించినదైపోయింది. అతన్ని ఉద్యోగంలోంచి తీసేస్తే సమస్య తీరిపోయేలా తయారైంది. చదువరికి అంతకంటె హాయి మరొకటి లేదు.

రెండో తప్పు సరోజను అమాయకురాలిని చేయడం. ఆమె పత్రం చదవకుండా సంతకం పెట్టింది. చదవకుండా సంతకం పెట్టిన మనిషి మోసపోతుంది, నిజమే, కానీ మోసపోవడం వేరు, దోపిడీకి గురికావడం వేరు. అన్నీ చదివి, అన్నీ అర్థం చేసుకుని, అయినా సంతకం పెట్టవలసి వచ్చినప్పుడే దోపిడీ పూర్తి రూపంలో కనిపిస్తుంది. రెండో ప్రతిలో సరోజ పత్రాన్ని రెండుసార్లు చదువుతుంది. ఒక అక్షరదోషం కూడా పట్టుకుంటుంది. గుమస్తా ఆమెకు ధన్యవాదాలు చెప్పి దాన్ని సరిచేస్తాడు.

15వ రోజు

ఈ ప్రాజెక్టు మొత్తంలో నాకు బాగా నచ్చిన రోజు ఇదే. ఇవాళ కథ జోలికి పోకుండా పత్రం ఒక్కటే రాశాను.

పాత దస్తావేజుల భాష నా చెవిలో ఉంది కాబట్టి కలం దానంతట అదే నడిచింది: “దిగువ సంతకము చేసిన నేను స్వస్థచిత్తముతో, ఎవరి ప్రోద్బలమూ లేకుండా, నా పూర్తి ఇష్టముతో వ్రాసి ఇచ్చిన కౌలు పత్రము. నా ఎముక మజ్జయందు కంపెనీ వారిచే అమర్చబడిన జన్యుక్రమము కంపెనీ ఆస్తిగా పరిగణించబడును. తజ్జనిత ఫలసాయము వారమునకు రెండు పర్యాయములు సేకరించబడును. హాజరు కాని యెడల సదరు పర్యాయము బకాయిగా లెక్కించబడును.”

రాశాక గట్టిగా చదివి చూసుకుంటే ఒక సంగతి బోధపడింది. తెలుగులో మాట్లాడేటప్పుడు మనం కర్మణి వాక్యం దాదాపు వాడము. ‘అన్నం వండబడింది’ అని ఏ ఇంట్లోనూ ఎవరూ అనరు. ‘వండారు’ అంటారు, కర్త పేరు చెప్పకపోయినా ఆ ‘ఆరు’లో మనుషులు ఉంటారు. ‘బడు’ చేరిన క్షణంలో ఆ మనుషులు కూడా మాయమవుతారు. ‘సేకరించబడును’ అన్న మాటలో సూది ఉంది, చెయ్యి ఉంది, సీసా ఉంది, చెయ్యి గల మనిషి మాత్రం లేడు. ఆఫీసుల్లో, కోర్టుల్లో, ఆసుపత్రుల్లో తప్ప ఈ ప్రయోగం బతకదు. ప్రతినాయకుణ్ణి తీసేశాక ఖాళీ అయిన స్థలంలో ఏమి పెట్టాలా అని మూడు రోజులుగా తడుముకుంటున్నాను. అక్కడ ఉండవలసింది వ్యాకరణం.

వెంటనే మొదటి వాక్యాల్లోని ‘కంపెనీ వారిచే’ అన్నది కూడా కొట్టేశాను, అదొక్కటే ఇంకా మనిషి జాడ చెబుతోంది. సంతకం చేసే మొదటి ‘నేను’ను పక్కన పెడితే, మూడు పేజీల పత్రంలో ఇప్పుడు ఒక పని చేసే కర్త ఒక్కచోటే కనిపిస్తుంది: “నేను అంగీకరిస్తున్నాను.” చేసేవన్నీ ఎవరూ చేయకుండానే జరిగిపోతాయి, అంగీకరించే పని మాత్రం సరోజ చేస్తుంది.

పత్రాన్ని ముద్రించి, గడియారం పెట్టుకుని, మామూలు వేగంతో బయటికి చదివాను. తొమ్మిది నిమిషాలు పట్టింది. కథలో సరోజ వెనుక వరుస ఉంటుంది. ఆమె రెండోసారి చదవడం మొదలుపెట్టగానే వెనుక నిలబడ్డవాళ్లు విసుక్కుంటారు. గుమస్తా మాత్రం ఆమెను తొందరపెట్టడు, ఎంత సేపైనా చదువుకోండమ్మా అంటాడు. తొందరపెట్టేది తనలాంటివాళ్లే.

చైనాలో 2018లో జన్యు సవరణ చేసిన పిండాల నుంచి కవల ఆడపిల్లలు పుట్టారని శాస్త్రవేత్త హే జియాన్‌క్వెయి ప్రకటించినప్పుడు, తల్లిదండ్రులకు ఇచ్చిన అంగీకార పత్రంలో ఆ పనిని ఎయిడ్స్ టీకా అభివృద్ధి ప్రాజెక్టుగా పేర్కొన్నారన్న సంగతి బయటపడింది. ఆయనకు మరుసటి ఏడాది డిసెంబరులో మూడేళ్ల జైలుశిక్ష పడింది. ఆ వార్తలో అందరూ జన్యువుల గురించే మాట్లాడుకున్నారు; పత్రానికి పెట్టిన శీర్షిక గురించి నాకు ఇప్పటికీ ఎక్కువ ఆలోచనగా ఉంటుంది.

19వ రోజు

ఇవాళ దెబ్బ తిన్నాను.

రెండో ప్రతిలో కథను మలుపు తిప్పేది సరోజ కూతురు. కూతురి రక్తపరీక్షలో కంపెనీ జన్యుక్రమం కనిపిస్తుంది, తల్లి కౌలు బిడ్డకు వారసత్వంగా సంక్రమిస్తుంది. అప్పు తండ్రి నుంచి కొడుకుకు దిగినట్టు జన్యువు కూడా దిగుతుందన్న ఆ పోలిక మీద నాకు చాలా ముచ్చట ఉండేది. జీవశాస్త్రం చదువుకున్న మిత్రుడికి ప్రతి పంపితే ఒక్క వాక్యంలో సమాధానం ఇచ్చాడు: మజ్జ కణాల్లో చేసిన సవరణ అండంలోకి పోదు, కాబట్టి బిడ్డకు రాదు.

ఓడిపోవడం ఇష్టం లేక రాత్రంతా చదివాను, ఒక దారి దొరికిందని సంబరపడ్డాను. గర్భంలో ఉన్నప్పుడు తల్లి కణాలు కొన్ని బిడ్డలోకి, బిడ్డ కణాలు కొన్ని తల్లిలోకి చేరి ఏళ్ల తరబడి ఉండిపోతాయి. కొడుకును కన్న 27 ఏళ్ల తరువాత కూడా తల్లి రక్తంలో మగ కణాలు కనిపించిన సందర్భం 1996లో ప్రచురితమైంది. లక్షల్లో ఒక్క కణం చాలు, కంపెనీ క్రమం బిడ్డలో ‘గుర్తించబడింది’ అని రాయడానికి. అమెరికాలో సోయా గింజల పేటెంట్ కేసులో, గింజ తనంతట తాను మొలకెత్తి సంతతిని ఇస్తుంది కదా, నకలు చేసింది నేను కాదు కదా అని ఇండియానా రైతు ఒకాయన చేసిన వాదనను అక్కడి సుప్రీంకోర్టు 2013లో ఏకగ్రీవంగా తోసిపుచ్చింది. గింజకు వర్తించిన తర్కాన్ని బిడ్డలోని కణానికి తగిలిస్తే నా పత్రంలో కొత్త నిబంధన సిద్ధమవుతుంది.

మిత్రుడు దాన్ని కూడా కొట్టేశాడు, ఈసారి రెండు వాక్యాల్లో. కొత్త మజ్జకు చోటు చేయాలంటే పాత మజ్జను ముందు తీవ్రమైన మందులతో నాశనం చేయాలి. ఆ మందులు చాలామందిలో సంతానశక్తిని దెబ్బతీస్తాయి.

అంటే సరోజకు తరువాత బిడ్డ పుట్టడమే అనుమానం. బిడ్డ పోయింది, రెండు వారాల పని పోయింది. ఒక గంట సేపు కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాక మిత్రుడి రెండో సమాధానం మళ్లీ చదివాను. అందులో కథకు నేను ఇవ్వలేకపోయినది ఉంది. పాత మజ్జను నాశనం చేశాక వెనక్కి వెళ్లే దారి లేదు. సవరించిన మజ్జ తప్ప ఆమె ఒంట్లో ఇంకొకటి లేదు. కౌలు రద్దు చేసుకుంటానంటే ఎవరూ కాదనరు, రద్దు చేసుకుంటే ఆమె ఒంట్లో రక్తం తయారయ్యే చోటే కంపెనీ ఆస్తిగా మిగిలి ఉంటుంది. తన ఒంట్లో తానే కౌలుదారు. ఈ మాటను కథలో ఎక్కడా రాయకూడదని వెంటనే గోడ మీద మూడో చీటీ అంటించాను.

23వ రోజు

‘అదుపు తప్పిన’ జీవసాంకేతికత అని ఈ డైరీ మొదట్లో రాసుకున్నాను. ఇవాళ ఆ మాట సరిగా లేదనిపిస్తోంది. చట్టాలే లేని భవిష్యత్తును ఊహించడం సులువు, అందుకే అది నమ్మదగినదిగా ఉండదు.

1975 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని అసిలోమార్‌లో సుమారు 140 మంది, ఎక్కువగా శాస్త్రవేత్తలు, సమావేశమై డీఎన్‌ఏ ముక్కలను అతికించే ప్రయోగాలకు తమంతట తామే జాగ్రత్తలు విధించుకున్నారు. ప్రమాదకరమైన సూక్ష్మజీవి ప్రయోగశాల దాటి బయటికి పోకుండా ఎన్ని తలుపులు ఉండాలో, గాలి ఎటు వీచాలో చర్చించారు. శాస్త్రం తన ముకుతాడు తానే పట్టుకున్న అరుదైన సందర్భమది. కానీ నైతిక ప్రశ్నలను, ఆయుధంగా వాడుకోవడం గురించిన ప్రశ్నను చర్చ నుంచి ముందే పక్కన పెట్టారు. అయిదేళ్ల తరువాత, 1980లో, చమురును విచ్ఛిన్నం చేసేలా ఆనందమోహన్ చక్రవర్తి రూపొందించిన బ్యాక్టీరియాకు పేటెంట్ ఇవ్వవచ్చని అమెరికా సుప్రీంకోర్టు 5–4 తేడాతో తీర్పు చెప్పింది. సీసా పగలకుండా కాపలా కాయడానికి నియమాలు ఉన్నాయి, సీసా ఎవరిదన్న ప్రశ్న మరో దారిన వెళ్లింది. 2013లో అదే కోర్టు ప్రకృతిసిద్ధమైన జన్యువుకు పేటెంట్ కుదరదని, ప్రయోగశాలలో తయారుచేసిన నకలు డీఎన్‌ఏకు కుదురుతుందని చెప్పింది. సరోజ మజ్జలో అమర్చిన క్రమం ప్రకృతిలో ఎక్కడా లేనిది, కాబట్టి ఆ గీతకు అవతలి వైపున ఉంటుంది.

ఇది తెలిశాక కథలోకి ఒక తనిఖీ అధికారిణి వచ్చింది. మంచి మనిషి, శ్రద్ధ గలది, లంచం తీసుకోదు. శీతల పెట్టె ఉష్ణోగ్రత చూస్తుంది, సూదుల లెక్క చూస్తుంది, ‘సరో’ సీసాను వెలుతురుకు ఎత్తి పట్టుకుని మలినాలు ఉన్నాయేమో చూస్తుంది. ఆ సీసా వెనుక కుర్చీలో సరోజ కూర్చుని ఉంటుంది. అధికారిణి ఆమె వైపు చూసి చిరునవ్వు నవ్వి, పుస్తకంలో అన్ని గడుల్లోనూ సరే అని గుర్తుపెట్టి వెళ్తుంది. ఆ పుస్తకంలో సరోజ గురించిన గడి లేదు. ఈ దృశ్యం ఒక్క విడతలో వచ్చింది, ఇంతవరకు మార్చవలసిన అవసరం రాలేదు.

30వ రోజు

సరోజ సంతకం ఎందుకు పెట్టిందన్న ప్రశ్న వారం రోజులు నన్ను తినేసింది. జబ్బుపడిన తల్లి, తీరని అప్పు అన్నవి రాసి కొట్టేశాను. అవి అబద్ధాలు కావు, కానీ వాటిని చూడగానే చదువరి మనసు తనంతట తాను జాలిపడి పని ముగించుకుంటుంది. ఇప్పుడు ఆమె కోరుకునేది చాలా చిన్నది: రాత్రి షిఫ్టు మానేయడం. పన్నెండేళ్లుగా పగలు నిద్రపోతున్న మనిషి రాత్రి నిద్రపోవాలనుకుంటుంది. అందులో ఆశ కూడా లేదు, అలసట ఉంది.

బిడ్డ పోయిన ఖాళీలోకి చెల్లెలు వచ్చింది. ప్లాస్మా కేంద్రాలు కొత్తవాళ్లను వెంటబెట్టుకుని వచ్చినవారికి అదనంగా డబ్బు ఇవ్వడం ఇప్పుడు లోకంలో ఉన్న పద్ధతే. సరోజ ఒక వారం జ్వరపడి రెండు పర్యాయాలు తప్పుతుంది, బకాయి పెరుగుతుంది, కొత్త కౌలుదారును తెస్తే బకాయి మాఫీ ‘చేయబడును’. ఎవరూ ఆమెను అడగరు, గోడ మీద కాగితం ఉంటుంది అంతే. మూడో ప్రతిలోని సంభాషణ ఇది:

“అక్కా, నువ్వు చెప్పు. చేరమంటావా, వద్దంటావా?”

“నేను చెప్పేదేముందే. కాగితం తెచ్చాను, చదువుకో.”

“నువ్వు చదివావుగా.”

“రెండుసార్లు చదివాను.”

“మరి ఇంకేం.”

చెల్లెలు పత్రం చదవలేదు, అక్కను చదివింది. సరోజ అబద్ధమాడలేదు, వద్దని కూడా అనలేదు. వారసత్వం రక్తంలో దిగాలని నేను అంత పట్టుపట్టాను. అది ఒక చిన్న సమాధానంలో, అక్క మీది నమ్మకంలో దిగింది. మిత్రుడు బిడ్డను కొట్టేయకపోతే ఈ అయిదు పంక్తులు వచ్చేవి కావు. ఆ మాట అతనికి ఇంకా చెప్పలేదు.

ఈ ఘట్టం రాశాక సరోజ మీద నాకు కోపం వచ్చిందని కూడా ఇక్కడ నమోదు చేయాలి. కోపం వచ్చిన రోజు రాసిన రెండు పేరాల్లో ఆమె చేత పశ్చాత్తాపపడించాను. మరుసటి రోజు వాటిని తీసేశాను, ఎందుకంటే ఆమె ఏడిస్తే చదువరి ఆమెను క్షమిస్తాడు, క్షమించాక మరచిపోతాడు.

36వ రోజు

నాలుగో ప్రతి 2,640 మాటలు. ముగింపు తప్ప అంతా కుదిరింది.

మూడు ముగింపులు రాసి చూశాను. మొదటిదానిలో సరోజ మందుల దుకాణంలో ‘సరో’ పెట్టె మీద ధర చూసి నిలబడిపోతుంది. అది లెక్క చెప్పే ముగింపు, లెక్క చదువరి ముందే వేసుకుని ఉంటాడు. రెండవదానిలో కౌలుదారులందరూ ఒక రోజు సేకరణకు రావడం మానేస్తారు. అది రాస్తున్నంతసేపూ ఒళ్లు గగుర్పొడిచింది, అయినా తీసేశాను. తిరుగుబాటు రాకూడదని కాదు. రెండు వేల అయిదు వందల మాటల్లో ఒకరితో ఒకరు ఒక్క ముక్క మాట్లాడుకోని మనుషులు ఆఖరి వంద మాటల్లో ఏకం కావడానికి నేను ఎక్కడా దారి వేయలేదు. అది ఇంకొక కథ, దాన్ని మొదటి పేజీ నుంచి అలా కట్టుకుంటూ రావాలి.

మూడో ముగింపు నిలబడింది. అక్కాచెల్లెళ్లు పక్కపక్క కుర్చీల్లో ఉంటారు. చెల్లెలికి అది మొదటి రోజు. ప్లాస్మా సంచిలో పసుపు రంగు ద్రవం నిండుతూ ఉంటుంది, యంత్రం ఆగి, గొట్టంలో ఎరుపు వెనక్కి తిరుగుతుంది. చెల్లెలు మోచేతి దగ్గర చెయ్యి పెట్టుకుని అడుగుతుంది: “చలి ఎందుకు వేస్తోందక్కా?” సరోజ ఆమె భుజం మీద దుప్పటి సర్దుతూ చెబుతుంది: “ఎర్ర కణాలు తిరిగి ఎక్కించబడతాయి.”

కథ అంతటా మామూలు తెలుగు మాట్లాడిన మనిషి నోట పత్రం భాష రావడం ఇక్కడే మొదటిసారి. దాని తరువాత నేను రాసిన మరో నాలుగు వాక్యాలు, యంత్రం చప్పుడు, కిటికీ బయటి వెలుగు వగైరా, ఇవాళ మధ్యాహ్నం తీసేశాను.

40వ రోజు

ప్రతిని ఇద్దరికి పంపాను. మిత్రుడు జీవశాస్త్రంలో తప్పులు లేవని, సిట్రేట్ తిమ్మిరికి ఆమె కాల్షియం బిళ్లలు చప్పరించవచ్చని రాశాడు. ఆ బిళ్లలు రెండో పేజీలో చేర్చాను, వాటి ఖర్చు కౌలుదారుదే అన్న సగం వాక్యంతో సహా.

ఇంకో నకలును భాష సరిచూడమని ఒక పెద్దాయనకు ఇచ్చాను. ఆయన చాలా ఏళ్లు అచ్చుదిద్దుబాటు పని చేసినవారు, ఆయన కంట పడని అక్షరదోషం ఉండదు. ఇవాళ ప్రతి తిరిగి వచ్చింది. పత్రంలోని ‘బడును’లు ఒక్కదాన్నీ ముట్టుకోలేదు, అది పత్రం కాబట్టి అలాగే ఉంటుందని మార్జిన్లో రాశారు. ఆఖరి వాక్యంలో మాత్రం ‘ఎక్కించబడతాయి’ చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి, పక్కన ‘ఎక్కిస్తారు’ అని దిద్ది, కింద చిన్న అక్షరాలతో ఇలా రాశారు: “అక్క చెల్లెలితో ఇలా మాట్లాడదు.”

ఆయన దిద్దిన మిగతా పదకొండు చోట్లూ ఆయన చెప్పినట్టే మార్చి, ఆ ఒక్కదాన్ని ఉన్నట్టే ఉంచి, తుది ప్రతి తీశాను.